వాగు వెంట, కోట దాకా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రాచకొండ కోట గురించే. వానలు వెనకబట్టాయి, వాగుల్లో ఇంకా నీళ్లున్నాయి, సీతాఫలాలు కళ్లు విప్పుతున్నాయి. నగరం వాళ్ల చూపు గుట్టల మీద పడే రోజులివి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రాచకొండకు మొదటిసారి వెళ్తున్నాం, ఆరుగురం. వీడియోల్లో అందరూ గుట్ట మీది దర్వాజానే చూపిస్తున్నారు. మాకు వాగు వెంట అడవిలో నడుస్తూ శిథిలాలు చూడాలని ఉంది. ఎటు నుంచి మొదలుపెట్టాలి? ఒక్క రోజు సరిపోతుందా? (వనస్థలిపురం)

జవాబు: దర్వాజా ఎక్కడికీ పోదు, ముందు నీళ్లు చూడండి. ముట్టడిలో ఉన్న గిరిదుర్గాన్ని శత్రువు కన్నా ముందు దాహం లొంగదీస్తుంది. అందుకే కట్టినవాళ్లు గోడకు పడ్డంత శ్రమ నీటికీ పడ్డారు. గుట్ట మీద పడ్డ వాన బండల మీదుగా జారి గుండాల్లో, కోనేళ్లలో నిండుతుంది. అవి పొర్లితే వాగు, వాగు కింద చెరువు. ఈ వరుసను కింది నుంచి పైకి, చెరువు కట్ట దగ్గర మొదలుపెట్టి వాగు పట్టుకుని ఎక్కితే ఏ గోడ ఎందుకక్కడ ఉందో దానంతటదే తెలుస్తుంది. కారు దిగి నేరుగా దర్వాజా ఎక్కి ఫోటో దిగేవాళ్లకు మిగిలేది రాళ్లే.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పాలంటే, 1323లో ఓరుగల్లు పడిపోయాక తెలంగాణలో తలెత్తిన వంశాల్లో రేచర్ల పద్మనాయకులు ఒకరు. అనపోతనాయకుడు రాజధానిని ఆమనగల్లు నుంచి ఈ కొండల్లోకి మార్చాడు. ‘రసార్ణవ సుధాకరం’ అనే సంస్కృత నాట్యశాస్త్ర గ్రంథం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలింది ఇక్కడి నుంచే. 15వ శతాబ్దంలో కోట బహమనీల చేతికి పోయింది. 2016లో పెట్టిన పోలీసు కమిషనరేటు పేరుగా తప్ప నగరంలో చాలామందికి రాచకొండ తెలియదంటే కాస్త విడ్డూరమే.

నగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా పోయి సంస్థాన్ నారాయణపురం వైపు తిరగొచ్చు, లేదంటే సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా వెళ్లొచ్చు. పెట్రోలు, టిఫిను దారిలోనే చూసుకోండి, లోపల దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. చుట్టూ రిజర్వ్ ఫారెస్టు కాబట్టి ఆ ప్రాంతపు అటవీ రేంజి కార్యాలయంలో ముందే అడిగి అనుమతి సంగతి తేల్చుకోండి. ఊళ్లో ఒక మనిషిని వెంట తీసుకుని రోజు కూలీ ఇస్తే సగం చిక్కులు అక్కడే తీరిపోతాయి.

వాగుకు ఎదురు నడవమనడానికి ఇంకో కారణం ఉంది. ఎదురెక్కేటప్పుడు పాయలు కలిసే ప్రతి చోటా కుడా, ఎడమా అని ఆగుతారు, ఆగిన చోటు గుర్తుంటుంది. తిరిగి వాలున దిగేటప్పుడు పాయలన్నీ ఒకే వాగులోకి వచ్చేస్తాయి కాబట్టి తప్పిపోవడం కష్టం. అదే పైనుంచి కిందికి నడక మొదలుపెడితే పక్క నుంచి వచ్చి కలిసే పాయను ఎవరూ పట్టించుకోరు. తిరిగి ఎక్కేటప్పుడు రెండు వాగులూ ఒకేలా కనిపిస్తాయి. తప్పు పాయలో అరగంట పోయాక గానీ సంగతి తెలియదు. కలయిక దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. తిరుగు దారిలో మీ కళ్ల ముందుకు వచ్చేది ఆ దృశ్యమే. మ్యాపును ఇంట్లోనే ఫోన్లోకి దించుకుని, నడిచిన దారి నమోదయ్యేలా పెట్టుకోండి. లోయలో సిగ్నల్ ఉండదు.

ఒడ్డున కనిపించే బాటల్లో చాలామటుకు పశువులవి. అవి మేతకు పోతాయి, నీళ్లకు పోతాయి, కోటకు మాత్రం పోవు. కింద బాట నున్నగా ఉండి, నడుము ఎత్తులో కొమ్మలు మొహానికి తగులుతున్నాయంటే మీరు మేకల బాటలో ఉన్నట్టు. మనుషులు తిరిగే దారిలో తల ఎత్తు దాకా కొమ్మలు విరిచో నరికో ఉంటాయి.

చదును రోడ్డు మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా ఇక్కడ రెండు కన్నా ఎక్కువ లెక్క వేసుకోవద్దు. రానుపోను ఎనిమిది కిలోమీటర్లంటే నాలుగు గంటల నడక, చూడ్డానికి రెండు గంటలు, తిండికి అరగంట. పొద్దున 7కు బయల్దేరితే మధ్యాహ్నం 12కు ఎక్కడున్నా వెనుదిరగాలి. నవంబర్ చివర్లో మన దగ్గర 5:40కే సూర్యుడు అస్తమిస్తాడు. లోయలోకి గుట్ట నీడ అంతకన్నా గంట ముందే దిగుతుంది. మనిషికో టార్చి ఉండాలి. ఫోన్ లైటును లెక్కలోకి తీసుకోవద్దు, ఆ చార్జింగు మ్యాపుకు కావాలి.

ప్రశ్న: రెండు లీటర్ల నీళ్లు ఒకరికి చాలని పోయిన సంచికలో రాశారు. అక్టోబర్ మొదటి వారంలో వెళ్లాం. పదిన్నరకే సీసాలు ఖాళీ. ఇద్దరికి కళ్లు తిరిగాయి. చివరికి కోనేటి నీళ్లు కర్చీఫుతో వడగట్టుకుని తాగాం. (మెహదీపట్నం)

జవాబు: తప్పు మాదే. ఆ లెక్క డిసెంబర్, జనవరి నెలలది, నెల పేరు రాయకుండా వదిలేశాం. అక్టోబర్ ఎండలో, పైగా బండ కింద నుంచి వేడి కొడుతుంటే గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు పోతుంది. ఆరు గంటల నడకకు మనిషికి నాలుగు లీటర్లు మోయండి, ఇంకో రెండు కార్లో పెట్టండి. మోసిన నీళ్లలో సగం అయిపోతే అది వెనుదిరిగే గుర్తు, అప్పటికి కోట కనిపించినా సరే.

కళ్లు తిరగడానికి నీళ్ల కొరత ఒక్కటే కారణం కాకపోవచ్చు. చెమటతో ఉప్పు పోతుంది, ఉత్త నీళ్లే తాగుతూ పోతే అది తిరిగి రాదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు ఒక లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక గ్లాసు నీళ్లలో కలిపి తాగేవాళ్లు ఎక్కువే. అంత చిక్కగా తాగితే వాంతి, విరేచనాలు. తియ్యగా డబ్బాల్లో అమ్మే పళ్ల రసాలు ఓఆర్ఎస్ కావు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. గుట్ట మీద కాదు, ఇంట్లోనే కలిపి ఒక సీసా నింపుకోండి.

కోనేటి నీళ్ల సంగతి. కర్చీఫు ఆకుల్ని, పురుగుల్ని ఆపుతుంది, క్రిముల్ని ఆపదు. క్లోరిన్ బిళ్ల వేసినా నీళ్లు మడ్డిగా ఉంటే దాని బలమంతా ఆ మడ్డికే పోతుంది. ముందు నూలు గుడ్డను నాలుగు మడతలేసి వడగట్టాలి, తర్వాత ప్యాకెట్టు మీద రాసిన కొలతలో బిళ్ల వేయాలి, అరగంట ఆగాలి. పైన పచ్చటి పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కట్టిన నీళ్లను బిళ్ల వేసినా తాగొద్దు. ఆ నాచు వదిలే విషం క్లోరిన్ బిళ్లకు పోదు, మరగబెట్టినా పోదు. మీ వాళ్లలో ఎవరికైనా రెండు వారాల్లోపు జ్వరం, కళ్లు ఎర్రబడటం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకు కోనేటి నీళ్ల సంగతి తప్పక చెప్పండి.

ప్రశ్న: సెప్టెంబర్లో వాగు దాటి అవతలి గుడి చూసి వచ్చేసరికి, పాదాలు తడిసే నీళ్లు మోకాలు దాటాయి. పైన మబ్బే లేదు. ఎలా పెరిగాయి? అలాంటప్పుడు ఏం చేయాలి? (ఉప్పల్)

జవాబు: మబ్బు మీ నెత్తి మీద ఉండనక్కర్లేదు. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కిందికి రావడానికి గంటలు పట్టొచ్చు. రాత్రి కురిసిన వాన పొద్దున పదికి వాగులో కనిపిస్తుంది. అందుకే ముందురోజు వాన పడిందా అని అడగడంతో ఆపకుండా, పై చెరువు అలుగు పారుతోందా అని ఊళ్లో అడగాలి. రైతులకు ఆ సంగతి ఇంట్లో కుండ నిండినంత స్పష్టంగా తెలుస్తుంది.

దాటే ముందు ఒడ్డున చెట్ల కొమ్మల్ని చూడండి. ఎండుగడ్డి, ప్లాస్టిక్ పీలికలు, కొట్టుకొచ్చిన పుల్లలు కొమ్మలకు చిక్కుకుని ఒకే ఎత్తులో వేలాడుతుంటాయి. పోయిన వరద ఆ ఎత్తున పోయిందన్నమాట. అవి మీ ఛాతీ ఎత్తులో ఉంటే అక్కడ కూర్చుని టిఫిన్ డబ్బా తెరవొద్దు. వాగు పెరగబోతుంటే ముందే చెబుతుంది. తేట నీరు టీ రంగుకు మారుతుంది, ఆకులూ చెత్తా తేలి వస్తాయి, గలగల పోయి గొంతు బరువెక్కుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ఉన్న ఒడ్డునే ఉండి పైకెక్కండి.

మోకాలు దాటి వడిగా పారే నీటిలో దిగొద్దు. మోకాలి కిందే ఉంటే ఇరుకు చోటు వదిలి వెడల్పు చోటు వెతకండి. ఇరుకులో లోతు, వడి రెండూ ఎక్కువ. బూట్లు విప్పకండి. కనపడని రాయి కాలివేళ్లకు తగిలితే మనిషి పడేది అప్పుడే. బ్యాగు నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే బ్యాగును వదిలించుకోవాలి. మొహం ఎగువ వైపు, కర్ర కూడా ఎగువ వైపు ఆనించి, ఒక్కో అడుగు పక్కకు వేస్తూ కొంచెం దిగువకు వాలుగా దాటండి. తాడు మనిషికి కట్టొద్దు. జారితే ఆ తాడే నీటి కిందికి లాగి పట్టుకుంటుంది. నల్లగా నిగనిగలాడే బండ మీద పాచి ఉంటుంది, గరుకుగా తెల్లగా ఉన్నదాని మీదే కాలు పెట్టండి.

ఇరుక్కుపోతే ఆగడమే మందు. వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లో తీస్తాయి. ఒడ్డున ఒక రాయి పెట్టి నీటి అంచును అరగంటకోసారి చూడండి.

అసలు ప్రమాదం చాలాసార్లు నడకలో ఉండదు, ఇంటికి వచ్చే రోడ్డు మీద ఉంటుంది. కల్వర్టు మీదుగా అడుగు ఎత్తున నీళ్లు పారుతుంటే చిన్న కార్లు తేలిపోతాయి. రెండడుగులైతే ఎస్‌యూవీలూ ఆగవు. ముందు పోయిన ట్రాక్టరును చూసి మీరు దిగొద్దు. దాని బరువు వేరు, చక్రం ఎత్తు వేరు.

ప్రశ్న: దారిలో ఒక బండ మీద వరసగా చిన్న చిన్న నలుచదరపు గుంతలు కనిపించాయి. లిపి అన్నారొకరు, నిధి గుర్తులన్నారు ఇంకొకరు. ఇంకోచోట నున్నటి గుండ్రటి గుంతలు. అసలివేంటి? అలాగే కోట గోడకూ, పొలం గట్టుకూ తేడా ఎలా తెలుస్తుంది? (సైనిక్‌పురి)

జవాబు: లిపీ కాదు, నిధీ కాదు, రాయి కొట్టినవాళ్ల పని. బండను చీల్చడానికి ఉలితో వరసగా గుంతలు తీసి, వాటిలో చీలలు దిగ్గొట్టేవాళ్లు. గుంతల వరస వెంట బండ చీలుతుంది. పక్కనే చీలిన రాయి ఉంటే దాని అంచు చూడండి, సగం సగం గుంతలు పళ్ల వరసలా ఉంటాయి. ఆ పళ్లు కోట గోడ రాళ్లలోనూ కనిపిస్తే, ఆ గోడకు రాయి అదే గుట్ట నుంచి తీశారని అర్థం. దూరం నుంచి మోసుకొచ్చే పనే లేదు. బండ మీద మంట పెట్టి పొర లేపే పద్ధతీ ఉంది, గ్రానైటు వేడికి పొరలు పొరలుగా విడుతుంది. గొట్టాన్ని నిలువునా కోసినట్టు పొడుగ్గా, నున్నగా, అర్ధచంద్రాకారంలో గాడులు కనిపిస్తే మాత్రం అవి యంత్రపు డ్రిల్లువి, కోటతో సంబంధం లేదు. వాటిని చూపించి శాసనం అని ఫార్వర్డ్ చేసేవాళ్లకు మా నమస్కారం.

మీరు చూసిన నున్నటి గుండ్రటి గుంతల్లో కొన్ని రోళ్లు. చెయ్యి పెట్టి తడమండి. రోకలి తిరిగిన గుంత అడుగు అద్దంలా ఉంటుంది, అంచు కూడా నున్నగా ఉంటుంది. వాన నీళ్లు నిలిచి తనంతట తాను ఏర్పడిన గుంతకు అంచు వంకరటింకర, అడుగు గరుకు.

దర్వాజా దగ్గర ఇంకా బాగా చదవొచ్చు. నిలువు కంబాలు, వాటిపై అడ్డంగా పెట్టిన ఒకే రాతి కమ్మి. తలుపు ఎప్పుడో పోయింది గానీ దాని ఆనవాళ్లు పోలేదు. గడప రాయికి రెండు మూలల్లో దోసెడు గుంతలుంటాయి. తలుపు కింది కొన ఆ గుంతలో కూర్చుని తిరిగేది. గుంతలో టార్చి వేస్తే గుండ్రంగా అరిగిన గీతలు కనిపిస్తాయి. ఆ గుంతలున్న వైపే లోపలి వైపు, తలుపు అటే తెరుచుకునేది. ఇక రెండు పక్కల గోడల్లో ఎదురెదురుగా చతురస్రపు రంధ్రాలు చూడండి. ఒకటి జానెడు లోతే ఉంటుంది, రెండోదాంట్లో చెయ్యి మొత్తం పోయినా అడుగు తగలదు. (చెయ్యి పెట్టకండి, పుల్ల పెట్టి చూడండి. లోపల ఎవరుంటారో తెలియదు.) అడ్డగడియ మానును పగలంతా ఆ లోతు రంధ్రంలోకి నెట్టేసి, రాత్రి లాగి రెండో వైపు ఆనించేవాళ్లు. ఆ రెండు రంధ్రాలను కొలిస్తే తలుపు వెనక మాను ఎంత లావుదో తెలిసిపోతుంది.

గోడ, గట్టు తేడా. పొలం గట్టులో రాళ్లు ఒక్క మనిషి ఎత్తగలిగినవి, రెండు వైపులా ఎలా పడితే అలా ఉంటాయి. కోట గోడకు బయటి ముఖం ఉంటుంది. పెద్ద రాళ్లను ఒకదానికొకటి ఒరిపిడి చూసి అమర్చి, సందుల్లో చిన్న రాతి ముక్కలు దిగ్గొడతారు. లోపల రాతిరప్పా నింపుతారు. సున్నం లేదు, బరువే దాని బలం. అలాంటి గోడ మీదే పై భాగంలో ఇటుక, డంగు సున్నం, తుపాకి రంధ్రాలు కనిపిస్తే అది తర్వాతి కాలం వాళ్లు కలిపినది, తుపాకులు వచ్చాక చేసిన పని.

సందుల్లోని ఆ చిన్న ముక్కల్ని పీకొద్దు. గోడను నిలబెడుతున్నవి అవే. గోడ నడిమి భాగం కడుపులా బయటికి ఉబ్బిందంటే లోపలి రప్ప జారింది, లేదా రావి వేరు తోసింది. దాని కింద కూర్చోకండి, పైకి ఎక్కకండి. నిజంగానే అక్షరాలు కనిపిస్తే సుద్ద రుద్దొద్దు, నూనె, నీళ్లు పోయొద్దు. పొద్దున ఎనిమిది లోపు ఏటవాలు వెలుతురులో, లేదా పక్క నుంచి టార్చి వేసి ఫోటో తీయండి. నీడ పడితే అక్షరం తనే లేస్తుంది. ఆ ఫోటోను రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి.

ప్రశ్న: దర్వాజా కమాను కింద పెద్ద తేనెపట్టు ఉంది. పోవచ్చా? (కూకట్‌పల్లి)

జవాబు: వేరే దారుంటే అటు పోండి. అది కొండ తేనెటీగ, మూరెడు వెడల్పు పట్టు ఒక్కటే తెరలా వేలాడుతుంది. దాని కోపానికి కారణాలు తెలిసినవే. సెంటు వాసన, పొగ, రాయి, డ్రోన్ చప్పుడు, గట్టిగా అరుపులు. పాములకు భయపడి బూట్లు కొనేవాళ్లు తేనెటీగల్ని తేలిగ్గా తీసుకుంటారు, కోటల్లో మాకు భయం వీటితోనే.

లేచాయంటే నిలబడొద్దు, పడుకోవద్దు. షర్టో చున్నీనో మొహం మీదికి లాగి, పట్టుకు దూరంగా పరుగెత్తండి. వంద అడుగులు సరిపోవు, కొన్ని వందల మీటర్లు వెంటపడతాయి. పొదల్లోకి దూరితే కొన్ని దారి తప్పుతాయి. వాగులో దూకొద్దు, తల ఎత్తేదాకా పైనే తిరుగుతుంటాయి. చేతులతో కొట్టొద్దు. ఒకటి నలిగితే ఆ వాసనకు మిగతావి వస్తాయి. దూరం వెళ్లాక ముళ్లు తీసేయండి, గోరుతోనో కార్డుతోనో అన్నది ముఖ్యం కాదు, త్వరగా తీయడం ముఖ్యం. ముల్లు ఉన్నంతసేపు విషం దిగుతూనే ఉంటుంది. పెదాలు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా, ఒంటి నిండా దద్దుర్లు లేచినా, పదుల సంఖ్యలో కుట్టినా ఆసుపత్రికే.

ప్రశ్న: పొద దాటగానే చేతులు భగభగ మండుతూ దురద. నీళ్లతో రుద్దితే ఇంకా ఎక్కువైంది. (బీహెచ్ఈఎల్)

జవాబు: దూలగొండి. ఎండిన కాయల మీది బంగారు రంగు నూగు. రుద్దితే నూగు చర్మంలోకి ఇంకా దిగుతుంది. ప్లాస్టరు టేపు అంటించి లాగండి, నాలుగైదు సార్లు కొత్త ముక్కతో. తర్వాతే సబ్బునీళ్లు. బట్టలు విడిగా ఉతకండి, లేకపోతే ఇంట్లో అందరికీ పంచినట్టే. చలికాలం చివరికి వచ్చేసరికి ఈ కాయలు పగులుతాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

ప్రశ్న: గుట్ట మీద రాత్రి గుడారం వేసుకుని చలిమంట పెట్టుకోవచ్చా? కిందటిసారి ఒక పాత నాణెం దొరికింది. ఉంచుకోవచ్చా? (మలక్‌పేట)

జవాబు: రెండూ కుదరవు. రిజర్వ్ ఫారెస్టులో మంట నేరం. డిసెంబర్ దాటాక ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకు గుట్టంతా అంటుకుంటుంది. పైగా శిథిలాల్లో పెట్టిన మంటకు గ్రానైటు పొరలు లేస్తాయి, ఇందాక చెప్పిన రాయి కొట్టే పద్ధతే అది. గుడారానికి అటవీ శాఖ అనుమతి కావాలి.

నాణెం విషయంలో 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. నేలలో దాగి ఉన్నదేదైనా, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. అక్కడే ఉంచి ఫోటో, చోటు నమోదు చేసుకుని ఉంటే చరిత్రకు పనికొచ్చేది. జేబులో పడ్డ నాణెం చోటు పోగొట్టుకున్న నాణెం. అయినా ఇప్పుడైనా అప్పగించండి. గుప్తనిధుల పిచ్చితో రాత్రిళ్లు గుడి గద్దెల్ని తవ్వినవాళ్ల గుంతలు ఈ గుట్టల్లో కనిపిస్తాయి. తాజాగా తవ్విన మట్టి కుప్ప, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు కనిపిస్తే అక్కడ నిలబడకుండా వచ్చేసి పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: పాము కరిస్తే కట్టు కట్టి కోసి రక్తం పిండాలా? సిగ్నల్ లేనిచోట ఏం చేయాలి? (తార్నాక)

జవాబు: కోయొద్దు, పిండొద్దు, బిగించి కట్టొద్దు. బిగించిన కట్టుతో కాలు కుళ్లిపోయే ప్రమాదం విషానికి తోడవుతుంది. చేయాల్సింది కదలకుండా ఉంచడమే. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు, వాచీ వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. విరిగిన కాలికి కట్టినట్టు రెండు కర్రలతో ఆసరా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురండి. చొక్కాలు రెండు, కర్రలు రెండు ఉంటే మోతకు సరిపోతాయి. కరిచిన సమయం కాగితం మీద రాయండి. పామును చంపి తేనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే మందు ఒకటే. ఇద్దరు మనిషి దగ్గర, ఇద్దరు సిగ్నల్ కోసం గుట్ట ఎత్తుకు. 108కు చెప్పేటప్పుడు అంబులెన్సు రాగలిగే రోడ్డు మీది గుర్తును చెప్పాలి, కోట పేరు కాదు. అందుకే ఐదుగురి కన్నా తక్కువ మంది వెళ్లొద్దంటాం.

ఈ రాళ్లలో ఎక్కువ ఎదురయ్యేది చిన్నపింజరి. రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది, ఆకుల్లో ఆకులా ఉంటుంది. పడిపోయిన మాను అడ్డొస్తే దాని మీద కాలు పెట్టి, అవతల చూసి దిగండి. నేరుగా దాటొద్దు. గోడ ఎక్కేటప్పుడు కంటికి కనపడని అంచు మీద చెయ్యి వేయొద్దు.

ప్రశ్న: నల్లమలలో ప్రతాపరుద్రుని కోటకు మేమే నడిచి వెళ్లొచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: లేదు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. మన్ననూరులో అటవీ శాఖను అడిగి, వాళ్లు పంపితే, వాళ్ల మనిషితోనే. అక్కడి మల్లెలతీర్థం జలపాతం అయితే సులువు. దాదాపు 350 మెట్లు దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, బీపీ. అడవి, నీళ్లు, పాత కట్టడం మూడూ ఉన్న తేలిక దారి చెప్పండి. (అల్వాల్)

జవాబు: అనంతగిరి. వికారాబాద్ దాకా రైల్లో పోవచ్చు, స్టేషను నుంచి కొండ ఐదారు కిలోమీటర్లే, ఆటోలు దొరుకుతాయి. అనంతపద్మనాభస్వామి గుడి, కింద పుష్కరిణి, చుట్టూ అడవి. మన మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇక్కడ చెంగున దాటేంత నీటిపాయ. నగరంలో మూసీని చూసినవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు.

మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం. రెండు కర్రలు ఇవ్వండి. నిలబడి కర్ర పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో ఉండాలి, దిగేటప్పుడు నాలుగు వేళ్ల పొడవు పెంచాలి. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటుంటే ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగండి, అడవిలో మాత్ర పనిచేస్తుంటే ఇబ్బంది ఒకటి కాదు. గుడి మెట్లు ఉదయమే ముగించి, మధ్యాహ్నం ఎండకు చెట్ల కింద చదును బాట మీద నడిపించండి. కోతులున్నాయి, పండ్ల సంచి చేతికి కనపడేలా పట్టుకోవద్దు.